పెద్ద వయసులో కిడ్నీ రాళ్ల శస్త్రచికిత్స: భద్రత, ఫలితాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కిడ్నీలో రాయి ఉన్న పెద్దవారు, వారి బాగోగులు చూసుకునే కుటుంబసభ్యులు యూరాలజిస్టును కలిసేముందు, కలిసిన తర్వాత ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఇవి సాధారణ అవగాహన కోసం ఉద్దేశించినవి. ఏ మందు ఆపాలి, ఏ చికిత్స ఎంచుకోవాలి అన్న నిర్ణయం రోగిని స్వయంగా పరీక్షించిన వైద్యులదే.

75 ఏళ్ల వయసులో కిడ్నీ రాయికి ఆపరేషన్ చేయించవచ్చా? ఎంత వయసు దాటితే చేయకూడదు?

ఇంత వయసు దాటితే చేయకూడదన్న హద్దు ఏ వైద్య మార్గదర్శకాల్లోనూ లేదు. ఆపరేషన్‌ను శరీరం తట్టుకోగలదా లేదా అన్నది పుట్టిన సంవత్సరాన్ని బట్టి కాక, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీల పనితీరును బట్టి, శరీరంలో మిగిలి ఉన్న సత్తువను బట్టి తేలుతుంది. తన పనులు తాను చేసుకుంటూ, రోజూ గుడి దాకా నడిచి వెళ్లి వచ్చే 82 ఏళ్ల మనిషి, గుండె బలహీనపడి నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే 66 ఏళ్ల మనిషికన్నా ఆపరేషన్‌ను తేలికగా తట్టుకునే అవకాశం ఉంది.

అందుకే ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో బలహీనతను కొలిచే పద్ధతులను వాడుతున్నారు. వాటిలో బాగా వాడుకలో ఉన్న ఒక కొలబద్దలో 1 నుంచి 9 వరకు అంకెలుంటాయి. మంచి ఆరోగ్యంతో చురుగ్గా ఉన్నవారికి 1 ఇస్తారు. స్నానానికి, బట్టలు కట్టుకోవడానికి కూడా మరొకరి మీద ఆధారపడేవారు 6, 7 అంకెల్లోకి వస్తారు. వైద్యులు మిమ్మల్ని "అమ్మగారు రెండు నెలల క్రితం ఎలా తిరిగేవారు? బరువు తగ్గారా? ఈ ఏడాది ఎప్పుడైనా జారిపడ్డారా?" అని అడిగితే, ఆ ప్రశ్నలకు రాయితో సంబంధం లేదని అనుకోకండి. ఆమె ఆపరేషన్ తర్వాత ఎన్ని రోజులకు లేచి తిరుగుతారో వైద్యులు అంచనా వేసేది ఆ జవాబుల నుంచే.

వయసులో ఉన్నవారికి వచ్చినంత మంచి ఫలితం పెద్దవారికీ వస్తుందా?

రాయిని పూర్తిగా తీసేయడం వరకు చూస్తే, దాదాపు అంతే మంచి ఫలితం వస్తుంది. వీపు వైపు నుంచి చిన్న రంధ్రం చేసి రాయిని తీసే పీసీఎన్ఎల్ శస్త్రచికిత్సపై 2007, 2009 సంవత్సరాల మధ్య అంతర్జాతీయ స్థాయిలో ఒక పెద్ద పరిశీలన జరిగింది. 96 కేంద్రాల్లో 5,803 మంది రోగుల వివరాలు సేకరించారు. అన్ని వయసులవారినీ కలిపి చూస్తే 75.7 శాతం మందిలో రాయి పూర్తిగా తొలగింది. అదే సమాచారంలో 70 ఏళ్లు దాటినవారిని విడిగా పోల్చి చూసినప్పుడు, రాయి తొలగిన వారి నిష్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే పెద్దవారిలో చిక్కులు ఎక్కువగా వచ్చాయి, ఆసుపత్రిలో ఉండవలసిన రోజులు కూడా పెరిగాయి.

ఈ రెండు విషయాలనూ కలిపే చదవాలి. "వయసుతో సంబంధం లేదు, ఏమీ కాదు" అని భరోసా ఇచ్చేవారు మొదటిదే చెబుతున్నారు. "ఈ వయసులో కత్తి పెట్టించుకోవద్దు" అని భయపెట్టేవారు రెండోదే చెబుతున్నారు. పెద్ద వయసులోనూ ఆపరేషన్ పనిచేస్తుంది. దానికి ముందు చేసుకునే సన్నాహాలలో, తర్వాత తీసుకునే జాగ్రత్తలలో మాత్రం లోపం ఉండకూడదు. చిక్కుల్లో చాలా వాటిని ముందుగానే ఊహించవచ్చు, కొన్నింటిని నివారించవచ్చు కూడా. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండగానే ఆపరేషన్‌కు దిగడం, రక్తం పలుచన చేసే మందుల సంగతి చెప్పకపోవడం, కిడ్నీ పనితీరు ఎంత తగ్గిందో సరిగా అంచనా వేయకపోవడం వంటివే వాటికి తరచుగా మూలం.

ఎన్ని రకాల చికిత్సలు ఉన్నాయి? పెద్దవారికి ఏది మేలు?

పొట్టనో నడుమునో పెద్దగా కోసి రాయి తీసే పాత పద్ధతి ఇప్పుడు చాలా అరుదు. నేడు ప్రధానంగా మూడు మార్గాలున్నాయి.

మొదటిది శరీరం బయటి నుంచి ధ్వని తరంగాలు పంపి రాయిని పగలగొట్టే లిథోట్రిప్సీ. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో దీన్ని తొలిసారి రోగిపై ఉపయోగించారు. కోత ఉండదు, చాలామందికి పూర్తి మత్తు కూడా అవసరం ఉండదు. వినగానే ముసలివారికి ఇదే తగినదని అనిపిస్తుంది. కానీ ఇక్కడ కొంత ఆగి ఆలోచించాలి. పగిలిన ముక్కలు మూత్రంలో తమంతట తామే బయటికి రావాలి. పెద్దవారిలో, ముఖ్యంగా రాయి కిడ్నీలోనే ఉన్నప్పుడు, ఈ పద్ధతి ఫలితం తగ్గవచ్చు. ఒకటికి రెండుసార్లు చేయవలసి రావచ్చు. వయసు పైబడినవారిలో, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారిలో కిడ్నీ చుట్టూ రక్తం గూడుకట్టే ప్రమాదం పెరుగుతుంది. రక్తం గడ్డకట్టే స్వభావంలో లోపం ఉన్నవారికి, పొట్టలోని బృహద్ధమని ఉబ్బి ఉన్నవారికి, రాయికి దిగువన మూత్రమార్గం మూసుకుపోయినవారికి ఇది పనికిరాదు. కోత లేదన్న ఒక్క కారణంతో దీన్ని సురక్షితమైనదిగా భావించకూడదు.

రెండోది మూత్రమార్గం ద్వారానే కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని పైకి పంపి, లేజరుతో రాయిని పొడిచేసే పద్ధతి. రాయి మూత్రనాళంలో ఉంటే దీన్ని యూఆర్ఎస్ అంటారు. వంగే గొట్టంతో కిడ్నీ లోపలి దాకా వెళితే ఆర్ఐఆర్ఎస్ అంటారు. పెద్దవారి విషయంలో నా మొగ్గు ఎక్కువగా దీనివైపే ఉంటుంది. శరీరంపై గాయం ఉండదు, రక్తస్రావం తక్కువ. రక్తం పలుచన చేసే మందులు ఆపే వీలులేనివారికి కూడా జాగ్రత్తగా చేయగల పద్ధతి ఇదొక్కటే. అయితే దీనికీ ఒక పరిమితి ఉంది. రాయి పెద్దదైతే లేజరుతో పొడిచేయడానికి చాలాసేపు పడుతుంది. లోపలికి పంపే ద్రవం ఒత్తిడి వల్ల, రాయిలో దాగి ఉన్న సూక్ష్మజీవులు రక్తంలోకి చేరే ప్రమాదం సమయంతోపాటు పెరుగుతుంది. అందుకే అనుభవజ్ఞులైన వైద్యులు పెద్ద రాయిని ఒకే రోజు పూర్తిచేయాలని పట్టుబట్టకుండా, రెండు విడతలుగా చేస్తారు. "ఇంకోసారి రావాలి" అంటే మొదటిసారి పని చెడిపోయిందని అర్థం కాదు.

మూడోది పైన చెప్పిన పీసీఎన్ఎల్. దీని గురించి 1976లో స్వీడన్ వైద్యులు తొలిసారి ప్రచురించారు. 20 మిల్లీమీటర్లు దాటిన రాళ్లకు, కిడ్నీ లోపల కొమ్మల్లా విస్తరించిన రాళ్లకు ఇప్పటికీ మొదటి ఎంపిక ఇదే. పెద్ద రాయిని ఒకే విడతలో తీయగల సత్తా దీనికి ఎక్కువ. మరోవైపు, రక్తస్రావం కూడా దీనిలోనే ఎక్కువ. పైన చెప్పిన అంతర్జాతీయ పరిశీలనలో 5.7 శాతం మందికి రక్తం ఎక్కించవలసి వచ్చింది, 10.5 శాతం మందికి జ్వరం వచ్చింది. రంధ్రం పరిమాణాన్ని తగ్గించిన మినీ పీసీఎన్ఎల్ వచ్చిన తర్వాత రక్తస్రావం తగ్గింది. బోర్లా పడుకోబెట్టడానికి బదులు వెల్లకిలా పడుకోబెట్టి చేసే విధానం కూడా ఇప్పుడు వాడుకలో ఉంది. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి, భారీ కాయం ఉన్నవారికి, నడుము వంగిపోయినవారికి ఏ భంగిమలో చేస్తారో ముందే అడగడం మంచిది.

10 నుంచి 20 మిల్లీమీటర్ల మధ్య ఉన్న రాళ్ల విషయంలోనే ఎక్కువ చర్చ నడుస్తుంది. రాయి గట్టిదనం, అది కిడ్నీలో ఏ భాగంలో ఉంది, రోగి ఏ మందులు వాడుతున్నారు అన్న మూడింటినీ చూసి అక్కడ నిర్ణయం తీసుకుంటారు. కిడ్నీ అడుగుభాగంలో ఉన్న రాయిని తరంగాలతో పగలగొట్టినా ముక్కలు తేలికగా బయటికి రావు.

రాయి ఉంది, కానీ నొప్పి లేదు. ఈ వయసులో దాన్ని కదపకుండా వదిలేయవచ్చా?

కొన్నిసార్లు వదిలేయవచ్చు, అది సరైన నిర్ణయమే అవుతుంది. రాయి చిన్నదై, మూత్రప్రవాహానికి అడ్డుపడకుండా, ఇన్‌ఫెక్షన్ లేకుండా, కిడ్నీ పనితీరు నిలకడగా ఉంటే, ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి స్కానింగ్ చేయించుకుంటూ గమనిస్తే సరిపోతుంది. మూత్రనాళంలోకి జారిన రాళ్లలో కూడా 5 మిల్లీమీటర్ల లోపువి మూడింట రెండు వంతులు, 5 నుంచి 10 మిల్లీమీటర్లవి సగం వరకు, వాటంతట అవే పడిపోతాయి. ఇతర జబ్బులతో మంచానికే పరిమితమైనవారికి నొప్పి పెట్టని చిన్న రాయి కోసం మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయడం వల్ల మేలుకన్నా కీడే ఎక్కువ కావచ్చు.

అయితే నొప్పి లేకపోవడం ఒక్కటే కొలమానం కాదు. కిడ్నీ వాచి ఉండీ నొప్పి లేని పెద్దవారు చాలామంది కనిపిస్తారు. మూత్రనాళంలో చాలాకాలంగా ఇరుక్కున్న రాయి నొప్పి పెట్టడం మానేసి, మౌనంగా కిడ్నీని దెబ్బతీస్తూ ఉండవచ్చు. కొమ్మల్లా విస్తరించిన పెద్ద రాయిని వదిలేస్తే ఏమవుతుందో 1976లోనే బ్రిటన్ వైద్యులు పరిశీలించారు. ఆపరేషన్ లేకుండా వదిలేసినవారిలో 10 ఏళ్లలో 28 శాతం మంది మరణించినట్లు తేలింది. నాటితో పోలిస్తే నేటి మందులు ఎంతో మెరుగుపడినప్పటికీ, అలాంటి రాయి లోపల ఉండిపోతే కిడ్నీకి, ప్రాణానికి కూడా ప్రమాదమన్న నిర్ధారణ మారలేదు.

"కొన్నాళ్లు చూద్దాం" అని వాయిదా వేస్తే నష్టమేమిటి?

ఈ పేజీలో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవవలసిన సమాధానం ఇదే. పెద్దవారి విషయంలో మనం భయపడేది ముందే తేదీ అనుకుని, పరీక్షలన్నీ చేసుకుని, ఇన్‌ఫెక్షన్ తగ్గించుకుని చేసే ఆపరేషన్ గురించి. నిజంగా భయపడవలసింది, అది చేయించుకోకుండా వాయిదా వేసినందువల్ల ఒక అర్ధరాత్రి అత్యవసరంగా వచ్చిపడే పరిస్థితి గురించి.

రాయి అడ్డుపడి మూత్రం నిలిచిపోయి, దానిలో ఇన్‌ఫెక్షన్ చేరితే, కిడ్నీలో చీము పట్టి కొన్ని గంటల్లోనే సూక్ష్మజీవులు రక్తమంతా వ్యాపిస్తాయి. అప్పుడు యాంటీబయాటిక్ మందులొక్కటే సరిపోవు, అడ్డును దాటించి చీమును బయటికి పంపాలి. లోపల డీజే స్టెంటు అనే సన్నని మెత్తని గొట్టం వేసో, వీపు నుంచి కిడ్నీలోకి సన్నని గొట్టం పెట్టో ఆ పని చేస్తారు. అమెరికా ఆసుపత్రుల సమాచారంతో 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, మూత్రనాళంలో రాయితోపాటు రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నవారిలో ఇలా గొట్టం వేసినవారిలో మరణాలు సుమారు 9 శాతం, వేయనివారిలో సుమారు 19 శాతం ఉన్నట్లు తేలింది. గొట్టం వేసినా సరే, పదకొండు మందిలో ఒకరు చనిపోయారని గమనించండి. ముందుగా ఏర్పాటు చేసుకున్న రాయి ఆపరేషన్‌లో ప్రాణాపాయం దీనికి దరిదాపుల్లో కూడా ఉండదు.

ఆ పరిస్థితిలో రాయిని వెంటనే తీయరు. ముందు చీము పోవాలి, ఇన్‌ఫెక్షన్ తగ్గాలి, రెండు మూడు వారాలు గడిచాక రాయి సంగతి చూస్తారు. "స్టెంటు వేసి పంపేశారు, రాయి తీయలేదు" అని చాలా కుటుంబాలు బాధపడతాయి. నిజానికి ప్రాణం కాపాడిన పద్ధతి అదే.

పెద్దవారిలో ఈ ఇన్‌ఫెక్షన్‌ను గుర్తించడం కష్టం. జ్వరం రాకపోవచ్చు, ఒంట్లో వేడి మామూలు కన్నా తగ్గవచ్చు కూడా. ఉన్నట్టుండి మాట తడబడటం, మనుషులను గుర్తుపట్టకపోవడం, రోజంతా మగతగా పడుకోవడం, తిండి మానేయడం, మూత్రం తగ్గిపోవడం వంటివే తొలి సూచనలు కావచ్చు. కిడ్నీలో రాయి ఉన్న పెద్దవారిలో వీటిని చూసి "వయసు మీద పడింది" అని సరిపెట్టుకోవద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

క్రియాటినిన్ మామూలుగానే ఉందని రిపోర్టులో ఉంది. అంటే కిడ్నీలు బాగున్నట్టేనా?

చెప్పలేం. క్రియాటినిన్ కండరాల నుంచి తయారై, కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం. వయసుతోపాటు కండ తగ్గుతుంది కాబట్టి, కిడ్నీ పనితీరు తగ్గినా రక్తంలో ఈ అంకె పెద్దగా పెరగదు. 2021లో సవరించిన లెక్క ప్రకారం, క్రియాటినిన్ 1.2 ఉన్న 25 ఏళ్ల యువకుడి కిడ్నీ వడపోత రేటు సుమారు 86. అదే 1.2 ఉన్న 75 ఏళ్ల మహిళకు ఆ రేటు సుమారు 47 మాత్రమే. రిపోర్టులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందువల్ల ఈ వడపోత రేటును చూపే ఈజీఎఫ్ఆర్ అనే అంకె ఎంతో అడిగి తెలుసుకోండి. యాంటీబయాటిక్ మోతాదు, నొప్పి మందుల ఎంపిక, స్కానింగ్‌లో రంగు మందు ఇవ్వాలా వద్దా అన్నవన్నీ దానిపైనే ఆధారపడతాయి. రాయిని చూడటానికి చేసే సీటీ స్కాన్‌కు మాత్రం మామూలుగా రంగు మందు అవసరం లేదు.

దీనితోపాటే మరో మాట. రాయి నొప్పికి బాగా పనిచేసే డైక్లోఫెనాక్ వంటి మందులను కిడ్నీ పనితీరు తగ్గిన పెద్దవారు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని వాడకూడదు.

మా ప్రాంతంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ. అలాంటివారికి రాయి ఆపరేషన్ చేయవచ్చా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పెద్ద సంఖ్యలో కనిపించే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, కిడ్నీ రాళ్లు ఒకటి కావు. ఉద్దానంలో జబ్బుకు కారణం పూర్తిగా తేలనే లేదు. రాళ్లకు కారణాలు వేరు. అయినా ముందే కిడ్నీలు దెబ్బతిన్నవారికి రాయి కూడా ఉంటే ఆపరేషన్ ఆవశ్యకత పెరుగుతుంది. మిగిలిన కొద్దిపాటి పనితీరును రాయి అడ్డుపడి పోగొట్టకుండా చూడాలి. ఇలాంటివారు యూరాలజిస్టుతోపాటు నెఫ్రాలజిస్టు (కిడ్నీ జబ్బులకు మందులతో చికిత్స చేసే వైద్యులు) కూడా అందుబాటులో ఉన్న ఆసుపత్రినే ఎంచుకోవడం మేలు.

గుండెకు స్టెంటు వేశారు, రక్తం పలుచన చేసే మందులు వాడుతున్నారు. ఆపరేషన్ ముందు ఆపేయాలా?

సొంతంగా ఒక్క మాత్ర కూడా ఆపకూడదు. గుండె స్టెంటు ఉన్నవారు క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ రెండూ ఒకేసారి ఆపేస్తే స్టెంటులో రక్తం గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. ఆ ప్రమాదం రాయి వల్ల కలిగే ప్రమాదంకన్నా పెద్దది.

పీసీఎన్ఎల్ అయినా, తరంగాలతో పగలగొట్టే పద్ధతి అయినా, మందు ప్రభావం తగ్గాకే చేస్తారు. సాధారణంగా క్లోపిడోగ్రెల్‌ను 5 రోజుల ముందు, వార్ఫరిన్‌ను 5 రోజుల ముందు ఆపిస్తారు. అపిక్సాబాన్, రివరోక్సాబాన్ వంటి వాటిని 2 నుంచి 3 రోజుల ముందు ఆపిస్తారు. కిడ్నీ పనితీరు తగ్గినవారిలో ఇవి శరీరం నుంచి నెమ్మదిగా పోతాయి కాబట్టి ఇంకా ముందే ఆపవలసి రావచ్చు. ఆస్పిరిన్‌ను కొనసాగించాలా వద్దా అన్నది గుండె వైద్యులు, యూరాలజిస్టు కలిసి తేల్చవలసిన విషయం.

గుండెకు స్టెంటు కొత్తగా వేసి ఉంటే, తొందర లేని ఆపరేషన్‌ను సాధారణంగా కనీసం 6 నెలలు వాయిదా వేస్తారు. గుండెపోటు వచ్చి స్టెంటు వేసి ఉంటే 12 నెలల వరకు ఆగుతారు. ఆగే వీలు లేకపోతే మందులు కొనసాగిస్తూనే ఆర్ఐఆర్ఎస్ చేయడం ఒక మార్గం, తాత్కాలికంగా డీజే స్టెంటు మాత్రమే వేసి గడువు సంపాదించడం మరో మార్గం. మందుల పెట్టె మొత్తాన్ని, గుండె స్టెంటు వేసిన తేదీ ఉన్న కాగితాన్ని మొదటి సంప్రదింపుకే తీసుకువెళ్లండి. మందు పేరు గుర్తులేక "తెల్ల మాత్ర, పొద్దున్నే వేసుకుంటారు" అని చెప్పడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

పేస్‌మేకర్ ఉన్నవారికి కూడా చికిత్స చేయవచ్చు. ముందుగా చెబితే దాన్ని పరీక్షించి, అవసరమైన సర్దుబాట్లు చేస్తారు.

షుగరు మందుల విషయంలో ఏ జాగ్రత్త అవసరం?

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ మందులను ఇప్పుడు గుండె బలహీనత ఉన్నవారికి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి కూడా విరివిగా రాస్తున్నారు. వీటిని ఆపరేషన్‌కు కనీసం 3 రోజుల ముందు ఆపాలి. లేకపోతే పరగడుపున ఉన్న శరీరంలో ఆమ్లాలు పేరుకుని ప్రాణాపాయం కలగవచ్చు. ఆ సమయంలో రక్తంలో షుగరు అంకె మామూలుగానే కనిపించడం వల్ల గుర్తించడం ఆలస్యమవుతుంది. మెట్‌ఫార్మిన్, ఇన్సులిన్ గురించి మత్తు డాక్టరు విడిగా చెబుతారు. షుగరు అదుపులో లేకపోతే ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది, అందువల్ల అత్యవసరం కాని పక్షంలో ముందు దాన్ని అదుపులోకి తెస్తారు.

ఆపరేషన్‌కు ముందు మూత్రం కల్చర్ పరీక్ష ఎందుకు? మామూలు మూత్ర పరీక్ష సరిపోదా?

సరిపోదు. కల్చర్ పరీక్షలో ఏ సూక్ష్మజీవి ఉందో, దానిపై ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు మూడు రోజులు ఆగడానికి ఇష్టపడక తొందరపెట్టే కుటుంబాలు ఉంటాయి, దయచేసి అలా చేయవద్దు. ఆపరేషన్ తర్వాత వచ్చే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌ను తగ్గించడానికి మన చేతిలో ఉన్న బలమైన ఆయుధాల్లో ఇది ఒకటి.

పూర్తి మత్తు మంచిదా, వెన్నుకు ఇచ్చే మత్తు మంచిదా? మత్తు వల్ల మతిమరుపు వస్తుందా?

రెండింటిలోనూ సురక్షితంగా చేయవచ్చు. వెన్నుకు ఇచ్చే మత్తు పెద్దవారికి ఎప్పుడూ మేలని ఒక నమ్మకం ఉంది. తుంటి ఎముక విరిగిన 50 ఏళ్లు పైబడినవారిపై 2021లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో ఈ రెండు పద్ధతుల మధ్య మరణాల్లో గానీ, ఆపరేషన్ తర్వాత వచ్చే మతిభ్రమలో గానీ తేడా కనబడలేదు. అది వేరే ఆపరేషన్ అయినా, పెద్ద వయసు శరీరం మత్తును ఎలా తట్టుకుంటుందో దాని నుంచి కొంత తెలుస్తుంది. రక్తం పలుచన చేసే మందుల ప్రభావం ఇంకా ఉంటే వెన్నులో సూది గుచ్చరు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవారికి పూర్తి మత్తును వీలైనంతవరకు తప్పిస్తారు.

ఆపరేషన్ తర్వాత కొందరు పెద్దవారు ఒకటి రెండు రోజులు అయోమయంగా మాట్లాడటం, రాత్రిళ్లు కంగారుపడటం, గొట్టాలు లాగేయడం చూస్తాం. ఇది ఎక్కువమందిలో తగ్గిపోతుంది. దీన్ని తగ్గించడానికి ఇంటివారు చేయగలిగింది చాలా ఉంది. కళ్లద్దాలు, వినికిడి యంత్రం వెంటనే ఇవ్వడం, తెలిసిన మనిషి పక్కన ఉండటం, పగలు వెలుతురులో కూర్చోబెట్టడం, రాత్రి నిద్ర చెడకుండా చూడటం, వీలైనంత త్వరగా లేపి నడిపించడం ఎంతో మేలు చేస్తాయి. పిల్లలు విదేశాల్లో ఉండి ఫోన్ ద్వారానే అన్నీ చూసుకుంటున్న కుటుంబాలు, ఆపరేషన్ తేదీ నిర్ణయించుకునే ముందే ఆ మూడు నాలుగు రోజులు రాత్రిపూట పక్కన ఎవరు ఉంటారో తేల్చుకోవాలి.

ఆపరేషన్ లేకుండా మందులతో, ఉలవ కషాయంతో, అరటి దూట రసంతో రాయి కరగదా?

కరిగే రాయి ఒక రకం ఉంది. అది యూరిక్ ఆమ్లపు రాయి. షుగరు ఉన్నవారిలో, పెద్ద వయసువారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మామూలు ఎక్స్‌రేలో కనిపించదు, సీటీ స్కాన్‌లో తక్కువ గట్టిదనంతో కనిపిస్తుంది. మూత్రంలోని ఆమ్లత్వాన్ని తగ్గించే పొటాషియం సిట్రేట్ వంటి మందులతో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో కరిగించవచ్చు, ఆపరేషన్ తప్పవచ్చు. కాబట్టి "ఈ రాయి మందుతో కరిగే రకమా?" అని తప్పకుండా అడగండి. టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వంటి బీపీ, గుండె మందులు వాడేవారిలో, కిడ్నీ పనితీరు తగ్గినవారిలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు, అందుకే రక్తపరీక్షలు చేయిస్తూ ఇస్తారు.

ఎక్కువమందిలో ఉండే కాల్షియం ఆక్సలేట్ రాయి ఏ మందుతోనూ, ఏ కషాయంతోనూ కరగదు. ఉలవలు, అరటి దూట, కొండపిండి ఆకు మన ఇళ్లలో తరతరాలుగా తింటున్న మంచి ఆహారమే. ఆహారంగా తినడంలో అభ్యంతరం లేదు. కానీ వాటిని నమ్ముకుని అడ్డుపడిన రాయిని నెలల తరబడి వదిలేయకూడదు. ఈలోగా చిన్న రాయి దానంతట అదే పడిపోతే ఆ ఘనత కషాయానికి దక్కుతుంది, పడకపోతే కిడ్నీ నష్టపోతుంది. కొబ్బరినీళ్ల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. వాటిలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ జబ్బు ఉన్న పెద్దవారు రోజూ తాగడం ప్రమాదకరం.

డీజే స్టెంటు అంటే ఏమిటి? ఎంతకాలం ఉంచాలి?

కిడ్నీ నుంచి మూత్రాశయం వరకు లోపలే ఉండే సన్నని మెత్తని గొట్టం ఇది. రెండు చివరలూ చుట్ట తిరిగి ఉంటాయి. లేజరు ఆపరేషన్ తర్వాత సాధారణంగా ఒకటి రెండు వారాలు ఉంచుతారు. మూత్రం తరచూ రావడం, మంట, కొద్దిగా ఎర్రగా రావడం, మూత్రం పోసేటప్పుడు నడుములో లాగినట్టు ఉండటం మామూలే. ఇబ్బంది తగ్గడానికి టామ్సులోసిన్ రాస్తే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. దానివల్ల లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరగవచ్చు, ముఖ్యంగా రాత్రి మూత్రానికి లేచినప్పుడు పడిపోయి తుంటి విరిగే ప్రమాదం ఉంటుంది. మంచం మీద కాసేపు కూర్చుని ఆ తర్వాతే లేవాలి. రెండోది, త్వరలో కంటి శుక్లం ఆపరేషన్ ఉంటే ఈ మందు వాడిన సంగతి కంటి వైద్యులకు చెప్పాలి.

స్టెంటు ఉందన్న విషయాన్ని మరిచిపోవడం పెద్ద ప్రమాదం. నెలల తరబడి లోపల ఉండిపోతే దాని చుట్టూ రాయి పేరుకుని, తీయడానికి మళ్లీ పెద్ద ఆపరేషన్ అవసరమవుతుంది. జ్ఞాపకశక్తి తగ్గిన పెద్దవారికి ఈ బాధ్యత వదిలేయకుండా, తీయవలసిన తేదీని ఇంట్లో ఇద్దరు రాసిపెట్టుకోవాలి.

ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ వర్తిస్తాయా?

రాళ్ల శస్త్రచికిత్సలు ఈ పథకాల ప్యాకేజీల్లో ఉన్నాయి. 70 ఏళ్లు నిండినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ భారత్‌ను 2024 అక్టోబరు 29న వర్తింపజేశారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. మీరు ఎంచుకున్న ఆసుపత్రిలో మీకు చెప్పిన చికిత్స ఏ ప్యాకేజీలో వస్తుందో, రెండో విడత అవసరమైతే ఎలాగో అక్కడి ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి.

రాయి మళ్లీ వస్తుందా?

జాగ్రత్తలు తీసుకోకపోతే సుమారు సగం మందికి 10 ఏళ్లలో మళ్లీ వస్తుంది. నీళ్లు తాగడం చిన్న సలహాలా వినిపించినా దానికి గట్టి ఆధారం ఉంది. ఇటలీలో 1996లో ప్రచురితమైన అధ్యయనంలో, ఎక్కువ నీళ్లు తాగి రోజుకు 2 లీటర్లకు పైగా మూత్రం వచ్చేలా చూసుకున్నవారిలో 5 ఏళ్లలో 12 శాతం మందికి, మామూలుగా ఉన్నవారిలో 27 శాతం మందికి రాయి తిరిగి వచ్చింది. మన ఎండాకాలంలో ఎంత తాగినా చెమటకే పోతుంది కాబట్టి, తాగిన గ్లాసులను కాక మూత్రం రంగును గమనించాలి. గుండె బలహీనత ఉన్నవారికి, నీరు పట్టినవారికి మాత్రం ఈ సలహా వర్తించదు. వారు ఎంత తాగాలో గుండె వైద్యులే చెప్పాలి.

పాలు, పెరుగు మానేయకూడదు. భోజనంలో తగినంత కాల్షియం ఉంటే ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేస్తుంది, పైగా పెద్దవారి ఎముకలకు అది అవసరం. తగ్గించవలసింది ఉప్పు. ఊరగాయ, అప్పడం, వడియం లేకుండా ముద్ద దిగని ఇళ్లలో ఇది కష్టమని తెలుసు, కానీ ఉప్పు పెరిగేకొద్దీ మూత్రంలో కాల్షియం పెరుగుతుంది. తీసిన రాయిని పరీక్షకు పంపించి, అది ఏ రకమో కాగితం మీద తీసుకోండి. ఆ తర్వాత సలహాలన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

ఇంటికి వచ్చాక ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి?

చలితో కూడిన జ్వరం, అయోమయం, మగత, మూత్రం పూర్తిగా ఆగిపోవడం, మూత్రంలో రక్తపు గడ్డలు రావడం, ఆయాసం, ఛాతీలో నొప్పి, ఒక కాలు వాచి నొప్పి పెట్టడం కనిపిస్తే ఉదయం దాకా ఆగకూడదు. పీసీఎన్ఎల్ తర్వాత ఒకటి రెండు వారాలకు కూడా అకస్మాత్తుగా ఎర్రటి రక్తం రావచ్చు. అది అరుదే అయినా, రక్తనాళంలోకి గొట్టం పంపి ఆ స్రావాన్ని ఆపగల సౌకర్యం ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లాలి. ఆపేసిన రక్తం పలుచన మందులను మళ్లీ ఏ రోజు నుంచి మొదలుపెట్టాలో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. రాసి లేకపోతే ఆసుపత్రి గడప దాటేలోపే అడగండి.